మా గల్లీ జెండా

చాంద్రాయణగుట్ట దగ్గర మా గల్లీలో పంద్రాగస్టుకు ఒక పద్ధతి ఉంది. నాయకులను పిలవం. ఉన్నవాళ్లలో అందరికంటే పెద్దవాళ్లే జెండా ఎగరేస్తారు. ఒకసారి ఎగరేసినవాళ్లకు మళ్లీ వంతు రాదు. ఈసారి వంతు మా పక్కింటి చాచీది. "తాడు గుంజుడు నాతోని అయితదా బేటా?" అని వారం ముందు నుంచీ నన్ను అడుగుతూనే ఉంది.

ఆ పొద్దున తెల్ల చీర కట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. ఎన్నికలు దగ్గరపడ్డాయి కదా, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఒక చోటా లీడర్ ఊడిపడ్డాడు. షామియానా, డీజే, పొడవాటి స్టీలు స్తంభం, అన్నీ వెంట తెచ్చుకున్నాడు. వాడి మనుషులు మేము ఏటా జెండా కట్టే పాత ఇనుప గొట్టాన్ని పీకి మురికి మోరీ పక్కన పడేశారు. మా పెద్దమనుషులు అడ్డం చెప్పాల్సింది పోయి వాడికి శాలువా కప్పారు.

చాచీ తాడు దగ్గరికి వెళ్లబోతే ఫోన్ పట్టుకున్న ఒకడు, "అమ్మా, జర పక్కకు జరుగు. ఫొటోల అడ్డమొస్తున్నవ్" అన్నాడు. తాడు లీడరే లాగాడు. ముడి వీడింది గానీ పూలు వాడి మీద కాకుండా వెనక పడ్డాయి. వీడియో బాగా రాలేదట. ఎగిరిన జెండాను దించి, బురదలో పడ్డ పూలే ఏరి మళ్లీ ముడేసి, రెండోసారి ఎగరేశాడు. జనం రెండోసారీ చప్పట్లు కొట్టారు. సిగ్గూ శరమూ ఆ మోరీలోనే కొట్టుకుపోయినట్టున్నాయి.

వాడు పోయాక నేను ఉండబట్టలేక, "చాచీ, నేను దించుత, నువ్వు ఎగరెయ్యి" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఎగిరినదాన్ని ఎన్నిసార్లు దించుతరు బేటా? పొద్దుగూకే యాళ్లకు దించేటప్పుడు పిలువు. గా పని నాకియ్యి."

సరేనని అఫ్జల్‌గంజ్‌లో పని చూసుకుని, పొద్దు ఉండగానే తిరిగి వచ్చాను. స్తంభం లేదు.

"షామియానావాళ్లు మధ్యాహ్నమే పీకేసిండ్రు భాయ్. జెండను తివాచీల చుట్టి ఆటోల పడేసిండ్రు" అన్నాడు పాన్‌డబ్బా అతను. థూ! ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

చాచీ అదే తెల్ల చీరలో, గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. స్తంభం పాతిన గుంట ముందు కాసేపు నిలబడింది.

"మంచిగ మడతవెట్టిండ్రా బేటా?" అని అడిగింది.

"పెట్టిండ్రు చాచీ" అని అబద్ధం చెప్పాను.