రత్తయ్య ఇల్లు మారిన బుధవారం

పటమటలో మా సందులోకి అద్దెకు దిగినవాళ్లు గానీ, ఖాళీ చేసి పోయినవాళ్లు గానీ రత్తయ్య చెయ్యి పడకుండా కదిలింది లేదు. ఆయన గురించే రాస్తున్నాను. మధ్యలో నేనూ వస్తాను. నన్ను తిట్టుకోవాలనిపిస్తుంది, తిట్టుకోండి. కాకపోతే చివరిదాకా చదివి తిట్టండి. సగం విని నోరు పారేసుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

రత్తయ్యది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. అక్కడున్న రెండు గదుల పెంకుటిల్లు తుఫానుకి కూలిపోతే, మళ్లీ కట్టే శక్తి లేక, భార్య రావమ్మను తీసుకుని బెజవాడ వచ్చేశాడు. పిల్లల్లేరు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఫర్నిచర్ షాపులో పని. కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి మంచాలు, బీరువాలు బిగించి రావాలి. మా సొంతింట్లోనే పక్క వాటాలో పద్నాలుగేళ్లు అద్దెకున్నారు. నేను ఆయన్ని నోరారా అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. రావమ్మా నేనూ ఒకరికొకరం వదినలం.

ఎవరైనా ఇల్లు మారుతున్నారని చెవిన పడితే చాలు, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని వాళ్లకంటే ముందే తయారు. ఫ్యాన్లు దింపి రెక్కలకు పాత చీరలు చుట్టేవాడు. మంచం విప్పితే దాని నట్లూ బోల్టులూ ఒక పాల కవరులో పోసి, ఎవరి మంచానివో కాగితం మీద రాసి పెట్టి, ఆ కవరు మంచం కోడుకే కట్టేవాడు. ఎంతివ్వమంటారని ఎవరైనా అడిగితే మాత్రం కోపం వచ్చేది. పద్నాలుగేళ్లలో ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్క మాటకే. "ఇరుగూ పొరుగూ అన్నాక కూలేంటండీ, కాసిని కాఫీ నీళ్లు పొయ్యండి చాలు" అనేవాడు.

"అన్నయ్యగారూ, మీవల్లే మన సందులో ఎవరూ నిలవట్లేదు. మీరు మానేసి చూడండి, బద్ధకమేసి అందరూ ఇక్కడే పడుంటారు" అని నేను ఆటపట్టించేదాన్ని. రావమ్మ లోపల్నుంచి అందుకునేది. "ఊళ్లో మంచాలన్నీ బిగిస్తారు వదినగారూ. మా కుళాయి కారుతోందని మూణ్ణెల్ల నుంచి మొత్తుకుంటున్నా, వినిపిస్తేగా!"

పోయిన దసరా వెళ్లాక రావమ్మకు కడుపులో నొప్పి మొదలైంది. గ్యాసనుకున్నాం. గ్యాస్ కాదు. ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి, జనవరి ఆఖరుకి చీపురుపుల్లలా అయిపోయి ఇంటికొచ్చింది. ఇంటికి తీసుకెళ్లి, ఆవిడ ఏం తింటానంటే అది పెట్టమన్నారట డాక్టర్లు. ఆ మాటకు అర్థమేంటో మా సందులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక్కడ నా గొడవ చెప్పాలి. మా అమ్మాయి సింధూరికి రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి ఏడో నెల వచ్చింది. పురిటికి మా ఇంటికే రావాలి. మా వాటాకీ రత్తయ్య వాటాకీ మధ్య ఒకటే గోడ, ఒకటే పెరడు. మనిషి పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలంటారు. వెనక వీధిలో అద్దెకున్నాయన తండ్రి పోతే అలాగే జరిగింది. అద్దెకున్నవాళ్లే కాదు, ఓనర్లు కూడా తాళం వేసుకుని బంధువుల ఇంటికి పోయారు. నిండు చూలాలిని పెట్టుకుని నేనెక్కడికి పోను? నీకు అవన్నీ నమ్మకమేనా అంటే ఏమో, చెప్పలేను. భయం మాత్రం నిజం. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. మా వారిని అడిగితే "నీ ఇష్టం" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఖాళీ చెయ్యమని ఊరికే అడగలేదు, సగ్గుబియ్యం జావ కాచి గిన్నెతో పట్టుకెళ్లి అడిగాను. రత్తయ్య గడపమీద కూర్చుని ఉన్నాడు. "అన్నయ్యగారూ, పాప ఈ నెలాఖరుకి వచ్చేస్తానంటోంది. వచ్చేపోయేవాళ్లతో ఇల్లు ఇరుకైపోతుందేమోనని..." అని నసిగాను. ఆయనకు అర్థమైపోయింది. లోపల పడుకున్న మనిషికీ వినపడే ఉంటుంది.

"పదిరోజులో పదిహేనో అన్నారు చెల్లెమ్మా. అంతకంటే లేదు. దాని ఇంట్లో దాన్ని పోనియ్యి. ఇన్నేళ్లలో నిన్నేమీ అడగలేదు, ఇదొక్కటే" అన్నాడు. చేతులు జోడించలేదు గానీ గొంతు అలాగే ఉంది.

దానికి నేనేమన్నానో వినండి. "ఛ, అవేం మాటలు అన్నయ్యగారూ! వదినకేం కాదు. కాస్త గాలి మారితే తనే లేచి తిరుగుతుంది" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, జావ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లాడు. మర్నాడు గిన్నె శుభ్రంగా తోమి మా గట్టుమీద పెట్టి, ఇల్లు వెతుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఎదురింటి శౌరమ్మ ఊరుకోలేదు. ఒంటరి మనిషి, ఒక బడిలో ఆయా, ఒక్క గదిలో అద్దెకుంటుంది. సాయంత్రం మా ఇంటికొచ్చింది. "కనకలక్ష్మిగారూ, మీకు దణ్ణం పెడతానండీ. ఆ మనిషిని ఇప్పుడు కదిలిస్తే దార్లోనే పోద్ది. నా గదిలో పడుకోబెడదామంటే మా ఓనరు అప్పుడే వచ్చి హెచ్చరించి పోయాడు" అంది.

"మీకు నక్షత్రాలూ అవీ పట్టింపుండదు కాబట్టి ఎన్నైనా చెప్తారు శౌరమ్మగారూ" అన్నాను.

"పట్టింపు లేదు, నిజమే. మా ఓనరుకీ లేదు. ఆదివారం ఆయనా చర్చిలో నా వెనకే నిలబడతాడు. ఆయన మాటా మీ మాటా ఒకటే అయింది" అంది. నాకు కోపం వచ్చి తలుపేసుకున్నాను.

వారం తిరిగేసరికి యనమలకుదురు కాలువ గట్టు పక్కన రేకుల ఇల్లొకటి దొరికింది. ఓనరు పేరు జక్కయ్య. ఇంట్లో ఆడమనిషికి కొంచెం నలతగా ఉందని మాత్రమే రత్తయ్య ఆయనకు చెప్పాడు. నాకు తెలిసి ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. మంగళవారం కదలకూడదనీ, బుధవారం ఎనిమిదీ నలభైకి దివ్యంగా ఉందనీ పంచాంగం నేనే చూపించాను. కొత్తింట్లో పాలు పొంగించడానికి నేనే వస్తానన్నాను. ఆడపడుచు వరసని కదా! తలుచుకుంటే నామీద నాకే అసహ్యమేస్తుంది. ఆ పూట మాత్రం మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

అందరికీ సాయం చేసేవాడికి అవసరమొస్తే ఎవరూ రారంటారు. అంతా వట్టిమాట. బుధవారం పొద్దున్నే అందరూ వచ్చారు. మా సందువాళ్లే కాదు, ఎప్పుడో ఖాళీ చేసి కంకిపాడు, గుణదల వెళ్లినవాళ్లు కూడా బళ్లేసుకుని వచ్చారు. ఒకాయన ఆఫీసుకు సెలవు పెట్టాడు. "ఇవాళ మీరు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు రత్తయ్యగారూ, మా వంతు" అని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రేమ లేక కాదు, ఉంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు పని తొందరగా తెమిలిపోవాలనీ ఉంది. ఏ ప్రేమ ఎంతో, ఏ తొందర ఎంతో నేను చెప్పలేను. నలభై నిమిషాల్లో ఇల్లు ఊడ్చినట్టయింది. శౌరమ్మ ఒక్కతే రాలేదు, తన గుమ్మంలో నిలబడి చూసింది.

రావమ్మను కింద చాపమీద పడుకోబెట్టి మంచం విప్పారు. గోడమీద దేవుడి పటాలు, పొయ్యి, బిందెలు ఒక్కొక్కటే ఆవిడ మీదుగా దాటి పోతుంటే అలాగే చూస్తోంది. నేను పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకుంది. "ఉసిరికాయ పచ్చడి చిన్న జాడీ మీ గట్టుమీద పెట్టించాను వదినగారూ. పాపకు పుల్లపుల్లగా తినాలనిపిస్తుంది కదా" అంది. ఆ మాటకైనా నా మనసు కరగాలి. కళ్లనీళ్లు పెట్టుకున్నాను గానీ, బండి ఆపమని అనలేదు.

పొయ్యి, సిలిండరు, పటాలు, పాలు పట్టుకుని నేను ముందు ఆటోలో వెళ్లాను. జక్కయ్య భార్య గడపకు పసుపు రాసి ఉంచింది. మంచి మనుషులే. తూర్పు ముఖంగా పొయ్యి పెట్టి పాలు ఎక్కించాను. సరిగ్గా పొంగుతున్న సమయానికి సామాన్ల బండి వచ్చిన చప్పుడైతే గుమ్మంలోకి వచ్చాను. పరుపుమీద రావమ్మ, ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని రత్తయ్య. జక్కయ్య బండి దగ్గరకు వెళ్లి తొంగి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"నలతన్నారేంటండీ? ఇది నలతా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. "అయ్యా, నాకూ కోడలుంది, పసిబిడ్డుంది. నావల్ల కాదండీ. మీ అడ్వాన్సు మీరు తీసుకోండి."

వచ్చిన మగవాళ్లు బతిమాలారు. అప్పుడు జక్కయ్య నావైపు తిరిగాడు. "మీరేనా పాత ఇంటి ఓనరుగారు?"

అవునన్నాను.

"మీ దగ్గర ఎన్నాళ్లున్నారండీ?"

"పద్నాలుగేళ్లు."

"పద్నాలుగేళ్లు ఎరిగిన మీరే వద్దనుకుని పంపించేశారు. పావుగంట ఎరిగినవాణ్ని, నేనెలా ఉంచుకోనమ్మా?"

అందరూ నావైపే చూశారు. రత్తయ్య కూడా చూశాడు. ఒక్క మాట చాలు. బండి వెనక్కి తిప్పండి అంటే పావుగంటలో మా ఇంట్లో ఉంటాం. నోరు పెగల్లేదని చెప్పుకోవచ్చు, కానీ అబద్ధం. నోరు పెగిలింది. "పాలు మాడిపోతున్నాయి, పొయ్యి కట్టేసొస్తాను" అన్నాను.

నేను గిన్నెతో బయటికి వచ్చేసరికి, "గట్టుమీద దింపండి" అంటున్నాడు రత్తయ్య. తుమ్మచెట్టు కింద కాస్త నీడ ఉంది. మంచం కోళ్లు, పట్టెలు అక్కడ దింపారు. నట్లేవని అడిగాడు. ఎవరో బియ్యం సంచీ తెచ్చి ఇచ్చారు. తొందరలో మంచానివీ బీరువావీ అలమరవీ అన్నీ అందులోనే పోసేశారు. ఆయన కింద కూర్చుని సంచీ బోర్లించి, ఒక్కొక్కటే ఏరి, కొలిచి చూస్తుంటే, అంతమంది చుట్టూ నిలబడి చూశాం. మూడు కోళ్లకు దొరికాయి. నాలుగో కోడుకు దొరకలేదు, తాడుతో బిగించి కట్టాడు. పరుపు వేసి, పక్క దులిపి, ఆవిడను ఎత్తి పడుకోబెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే ఆఫీసనీ, పిల్లల స్కూలనీ చెప్పి వెళ్లిపోయారు. శౌరమ్మకు ఎవరు చెప్పారో, ఆటోలో వచ్చి రావమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

మధ్యాహ్నం రెండు దాటాక రావమ్మకు ఎగశ్వాస వచ్చింది. పాలగిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. రత్తయ్య లేచి వచ్చి అందుకుని, రెండు చెంచాలు ఆవిడ నోట్లో పోశాడు. ఒకటి దిగింది. ఇంకోటి పక్కకు కారిపోయింది. గట్టుమీద స్కూటర్లు వెళ్తూనే ఉన్నాయి, ఒకాయన ఆపి ఏమైందని అడిగాడు కూడా. అదే బండిలో అక్కణ్నుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లారు. ఏ నక్షత్రంలో పోయిందో ఎవరూ చూడలేదు. మూసిపెట్టడానికి ఇల్లుంటే కదా.

రత్తయ్య ఇప్పుడు షాపు గోడౌనులో పడుకుంటున్నాడు. ఎవరైనా ఇల్లు మారుతున్నామంటే ఇప్పటికీ వెళ్తాడట. మా సందుకు మాత్రం రాడు. ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర కనిపిస్తే ఉండబట్టలేక "అన్నయ్యగారూ" అని పిలిచాను. ఆగాడు. "చెప్పండి మేడమ్" అన్నాడు. షాపుకొచ్చినవాళ్లతో మాట్లాడినట్టు, మర్యాదగానే. స్పానర్ల సంచీ భుజం మార్చుకుని, ఆయనే వెళ్లిపోయాడు.

సింధూరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నువ్వు చేసిన పనికి ఫలితం దక్కిందని మా వారి చెల్లెలంటే, లేచి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మొన్న జూన్లో పక్క వాటా చూడటానికి కొత్త జంట వచ్చారు. ఆ అమ్మాయి గదులు చూసింది, గాలీ వెలుతురూ బాగున్నాయంది, కుళాయి తిప్పి చూసింది. వెళ్లబోతూ మొగుడికి వినపడకుండా నా దగ్గరగా వచ్చి, "ఏమీ అనుకోకండి ఆంటీ. ఈ వాటాలో ఎవరూ పోలేదు కదా?" అని అడిగింది.

"లేదమ్మా, ఎవరూ పోలేదు" అన్నాను. అబద్ధం కాదు.

"హమ్మయ్య, మంచి ఇల్లు" అంది ఆ అమ్మాయి.