కంటికిచ్చిన పొడి

నా పేరు మునెమ్మ. వయసు అరవై దాటి నాలుగైదేళ్ళు అయివుంటుంది. పుట్టిన ఏడు గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఎవరూ మిగలలేదు. పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో మా ఊరు. ఇంట్లో నేను, మా ఆయన, కొడుకు, కోడలు చెంగమ్మ, పాలు తాగే మనవడు, ఆరు పొట్టి ఆవులు, రెండు ఎనుములు ఉంటాము. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా ఊరి బడి అయ్యవారు రాస్తున్నారు. ఎక్కడైనా మాట మెత్తగా కనబడితే అది ఆయన చేసిన పని, నాది కాదు.

మదనపల్లె మిషన్ ఆసుపత్రి నర్సమ్మ పోయి నెల దాటింది. బస్సు డ్రైవరు మా మలుపు దగ్గర ఇంజను ఆపకుండానే తల బయటపెట్టి, "ఓ మునెమ్మత్తా! మీ నర్సమ్మ పోయిందంట. ఈ పొద్దే పూడుస్తారంట" అని కేక వేశాడు. ఆ 'మీ' అన్న మాట నన్ను పట్టుకుంది. పిడకల తట్ట దారి పక్కన దించి, అదే బస్సెక్కాను. చేతులు కూడా కడుక్కోలేదు. ఆమె చూసివుంటే ముందు ఆ చేతులకే తిట్లు పడేవి.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు పూడ్చేచోటికి పోరు. సమాధుల తోట గేటు దగ్గర నిలబడిపోయాను. నాలాగే పంజాణి దారి పల్లెల ఆడవాళ్ళు కొందరు అక్కడే, లోపలికి పోవచ్చునో లేదో తెలియక, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. లోపల ఆమె చర్చివాళ్ళు పాట పాడుతున్నారు. నర్సమ్మ పాడితే ఎనుము అరిచినట్లుండేది, అయినా అందరికంటే గట్టిగా ఆమే పాడేది. ఆ గొంతు లేనందుకు పాట ఎంతో తీయగా ఉంది. నాకు నచ్చలేదు. గేటు తోసుకుని పోయి పిడికెడు మట్టి వేశాను. నా వెనకే మిగతావాళ్ళూ వచ్చారు.

ఈ కాగితం రాయించడానికి కారణం ముందే చెబుతాను. ఆమె పోయిన రెండో వారానికే పుంగనూరు సంతలో ఒక మాట పుట్టింది. నర్సమ్మ లేనిపోని భయం పెట్టి పల్లె ఆడవాళ్ళ వెన్నబేరం చెడగొట్టిందట, చచ్చిపోయింది గనక ఇప్పుడు అందరూ మళ్ళీ వెన్నలో పొడి కలిపి అమ్ముకోవచ్చునట. ఆ మాట మా ఇంటి గడప కూడా దాటి వచ్చింది. జరిగింది చూసినదాన్ని నేను. అబద్ధమాడే మనిషి కాదు ఆమె. ఆడివుంటే మొదట కడిగేసేది నేనే.

ఆమెను నేను మొదట చూసింది మా ఊరంతా కళ్ళకలకలు వచ్చిన ఏడు. బస్సు దిగి, ఇసక దారిలో చెప్పులు చేత్తో పట్టుకుని, నల్ల గొడుగు వేసుకుని వచ్చింది. మనిషి పొట్టి. గడప ముందు నిలబడి, "లోపలికి రావచ్చునా అక్కా?" అని అడిగి, రమ్మన్న తరువాతే కాలు లోపల పెట్టింది. మా ఇంటికి వచ్చి అట్లా అడిగిన చదువుకున్న మనిషి అంతకు ముందు లేదు. మంచం మీద కూర్చోమంటే ముందు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అడిగింది. మోచేతుల దాకా రుద్ది, పైకి లెక్కపెట్టుకుంటూ ముప్పై దాకా కడిగింది. మా ఆయన నవ్వాడు. "నవ్వినావు గదప్పా, నువ్వూ రా, కడుగు" అని ఆయనతోనూ లెక్కపెట్టించింది. తరువాత మజ్జిగ ఇస్తే ఉప్పు చాలదని రెండుసార్లు అడిగి వేయించుకుంది.

ఆరోజు ఇంటింటికీ ఒక పొట్లం ఇచ్చింది. లోపల తెల్లని, మెత్తని పొడి. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కళ్ళు కడుక్కోమంది. బోరిక్ పొడి అన్నారు. నాలుగు రోజుల్లో ఊరంతటి కళ్ళూ చల్లబడ్డాయి. అప్పటి నుంచి ఆ పొడి అంటే మాకు దేవుడి గదిలో విభూతి ఎంతో అంత.

తరువాత యుద్ధం వచ్చింది. బెంగళూరులో పటాలాలు దిగాయి, వెన్నకు గిరాకీ వచ్చింది. కుప్పం నుంచి ఒక ఏజెంటు లారీ వేసుకుని పుంగనూరు సంతకు వచ్చేవాడు. మేము తెచ్చిన వెన్న డబ్బాలకు ఎత్తి కుప్పం స్టేషనులో రైలుకు వేసేవాడు. ఎండలకు దారిలోనే వెన్న కంపు కొడుతున్నదని, ఆయన కూడా ఒక పొడి తెచ్చి మాకు పంచాడు. వెన్న కడిగిన తరువాత దీన్ని కలిపి పిసకమన్నాడు. నేను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను, నాలుక మీద పెట్టి చూశాను. అదే జారుడు, అదే రుచి. నర్సమ్మ కంటికిచ్చిన పొడే! ఇంక నాకు ఏ అనుమానమూ లేదు. ఆసుపత్రి పొడి కాబట్టి మంచిదే అని నేనే పక్క ఊళ్ళ ఆడవాళ్ళకు కూడా చెప్పాను. కంటిలాంటి సుకుమారమైన చోట మంట పుట్టించనిది కడుపులో ఏం చేస్తుందని నా తర్కం. ఈ తప్పు నాది. అయ్యవారూ, దీన్ని మెత్తగా రాయవద్దు.

ఆ ఎండాకాలం నా కూతురు కాన్పుకు వచ్చింది. జ్వరం తగిలి ఆమెకు పాలు ఎండిపోయాయి. బిడ్డకు ఆవుపాలే పట్టాము. పొద్దున కాచిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోయేవి. వెన్నను నిలిపే పొడి పాలను నిలపదా అని ఒక చిటికెడు వేశాను. పాలు సాయంత్రం దాకా నిలిచాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. రోజూ వేశాను.

మూడు నాలుగు వారాలకు బిడ్డ తాగిందంతా కక్కడం మొదలుపెట్టింది. విరేచనాలు ఆగలేదు. ఒళ్ళు ఎర్రగా ఉడికినట్లయింది, అరచేతుల్లో, పిర్రల మీద తోలు పొరలు పొరలుగా లేచింది. దిష్టి తీశాము, వేపాకు పరిచాము. చివరకు బిడ్డను ఒడిలో వేసుకుని మదనపల్లె బస్సెక్కాము.

నర్సమ్మ బిడ్డను చూసి, ఒళ్ళు వాసన చూసి (ఏదైనా ముందు వాసన చూడడం ఆమె అలవాటు), నన్నడిగింది.

"ఏం తాపుతాండావక్కా?"

"ఆవుపాలు."

"ఇంకేమన్నా కలుపుతాండావా?"

"ఊరికే యాల తాపుతాను? నీ పొడి ఏస్తాండాను. ఇరగకుండా నిలుస్తాండాయి" అన్నాను గొప్పగా, కొంగున కట్టుకొచ్చిన పొట్లం తీసి.

ఆమె నా చేతిలోని పొట్లం తీసుకుని వేళ్ళతో నలిపింది. పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది. పనివేళలో ఆమె కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే.

"కంటికి ఇచ్చినప్పుడు, దీన్ని నోట్లోకి పోనియ్యొద్దని చెప్పినానా నీకు?"

"చెప్పలా."

"చెప్పలేదు" అంది ఆమె కూడా.

నాకు అప్పటికి అర్థమయింది. ఆసుపత్రి అంతా వినేలా కేకలు వేశాను. "పొడి ఇచ్చేదానివి, నోరు యాడ పెట్టుకోనుంటివి? నా కూతురు బిడ్డను సంపబడితివే!" అన్నాను. ఇంకా అనకూడనివి చాలా అన్నాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె, "బిడ్డకు నీళ్ళు పట్టాల. జరుగక్కా" అంది. తొమ్మిది రోజులు ఆ బిడ్డ పక్కనుంచి కదలలేదు. పాలాడ గిన్నెతో చుక్క చుక్కా నోట్లో పోసింది. తన ఇంటి నుంచి నాకు సంగటి తెచ్చి పెట్టింది. నేను తిట్టుకుంటూనే తిన్నాను.

బిడ్డ బతికింది. ఇప్పుడు మేకలను తరుముతూ తిరుగుతోంది, నోరు నా పోలికే.

ఇక్కడ ఒక సంగతి సరిగా రాయాలి. అది పొడివల్లనే అని ఎవరూ ఒట్టు వేసి చెప్పలేదు. డాక్టరమ్మ, "పొడి వల్ల కావచ్చు, ఎండకు చెడిన పాల వల్ల కావచ్చు" అంది. నర్సమ్మ కూడా అదే చెప్పింది. "పెద్దోళ్ళకు కొంచెం కొంచెంగా పోతే ఏమవుతాదో నాకు తెలీదక్కా. లోపల కూడుకుంటాదేమోనని డాక్టరమ్మకు భయం. పసిబిడ్డలకు మాత్రం చెడుపు చేస్తాదని గట్టిగా అనుమానముండాది." "గట్టిగా తెలీకుండా మా వెన్నకు యాల అడ్డం పడతావు?" అని అడిగితే, ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "తెలీదు గాబట్టే. పసిబిడ్డ నోరు మనం పరీచ్చ చేసి చూసుకునే తావు గాదు."

ఆ తరువాత ఏడాది పొడుగునా, సెలవు దొరికినప్పుడల్లా, చెప్పులు చేత్తో పట్టుకుని మా పల్లెలన్నీ తిరిగింది. పొట్లాలు పంచిన ప్రతి ఇంటికీ మళ్ళీ పోయింది. ఏ ఊరిలోనైనా మొదటి మాట ఒక్కటే. "నేను కంటికి పొడి ఇచ్చినాను. తినొద్దని చెప్పలేదు. తప్పు నాది." ఆసుపత్రి మనిషి పసులు మేపేవాళ్ళ ముందు నిలబడి అట్లా చెప్పడం మాకు వింతగా ఉండేది. కొన్ని ఊళ్ళలో నవ్వారు. ఒక ఊరిలో కుక్కను ఉసిగొలిపారు. "అంత సిగ్గులేకుండా యాల చెప్పుకుంటావు?" అని ఒకసారి అడిగాను. "నిజం చెప్తే నోరేం అరిగిపోదులే అక్కా. మజ్జిగలో ఇంకొంచెం ఉప్పెయ్యి" అంది.

పొడి మానేస్తే ఏజెంటు వెన్న తీసుకోలేదు. మా ఇళ్ళలో గొడవలయ్యాయి. అప్పుడు నర్సమ్మే అడిగింది. "మీ అవ్వ ఏ పొడీ లేకుండా ఎట్ల నిలవ చేసె?" మా అవ్వ వెన్నను ఆపూటకాపూటే మునగాకు వేసి కాచి, నెయ్యి చేసి జాడీలో పోసేది. మేమూ అదే పట్టుకున్నాము. పొయ్యి ముందు కళ్ళు మండేవి, వెన్న అంత సులువు కాదు, బేరమూ అంత కాదు. కానీ మా నెయ్యి ఏ బిడ్డ నోట్లోకి పోయినా మాకు భయం ఉండేది కాదు.

ఇప్పుడు ఆమె పోయింది. అదే ఏజెంటు మళ్ళీ పొట్లాలు తెచ్చాడు. తీసుకున్నవాళ్ళలో మా కోడలు చెంగమ్మ ఒకతె. ఆమె ఈ ఇంటికి వచ్చింది ఇదంతా జరిగిన తరువాత. ఒక పొద్దున పొయ్యి మీది గూట్లో, ఉప్పు పక్కన ఆ పొట్లం చూశాను. నా మనవడు పాకుతూ వచ్చి చేయిపెట్టే వంటింట్లో!

"ఎవురు తెచ్చినారు దీన్ని?"

"నేనే అత్తా. నెయ్యి కాసి కాసి నా కండ్లు పోతాండాయి. అమ్మే వెన్నకే ఏస్తాను, మన బిడ్డకు పెట్టను."

"బెంగళూరులో బిడ్డలుండరా?"

"నువ్వు బెంగళూరు సూసినావా?"

"సూడకపోతే బిడ్డలుండరా?"

"నీ నర్సమ్మే పెద్దోళ్ళ సంగతి తెలీదనె గదా! తెలీనిదానికి నేను పొగలో సావాల్నా?"

నర్సమ్మ ఉంటే ఏదో చెప్పివుండేది. నా నోటికి తిట్లు వచ్చినంత తేలికగా సమాధానాలు రావు. చెంగమ్మ వెన్న తీసింది, కడిగింది, పొడి కలిపింది, కుండకు ఆకులు కట్టింది. పోయిన సంతకు నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. నేను కట్టె పట్టుకుని వెనకే పోయాను. ఆపడానికి కాదు, ఎట్లా ఆపాలో తెలియక.

ఏజెంటు వెన్నలో వేలు ముంచి, వాసన చూసి, తక్కెట్లో వేశాడు. సంతోషంగా ఉన్నాడు.

"బాగుండాది సెల్లెమ్మా. వచ్చే సంతకు రెండు ముద్దలు యేరేగా ఆకులో కట్టుకోని రా. అది మా ఇంటికి. దాంట్లో మాత్రం పొడి ఎయ్యొద్దు."

"యాల అన్నా?"

"ఇంట్లో చిన్నబిడ్డలుండారు గదమ్మా" అన్నాడు, తక్కెడ ముల్లునే చూస్తూ.

నేను నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఊరుకున్నాను. జన్మలో అంత కష్టమైన పని చేయలేదు. చెంగమ్మ చేయి చాచి తక్కెడ పట్టుకుని, "దించన్నా ఆ వెన్న" అంది.

"తూకమేసినాను గదా!"

"దించు."

"ఇప్పుడేమాయెనమ్మా? ఏమన్నా తప్పు మాట్లాడినానా?"

"లేదన్నా. నిజమే మాట్లాడినావు" అని, వెన్నంతా కుండలోకి తోడుకుంది. పొట్లాన్ని తక్కెట్లో పెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు విన్నారు. వాళ్ళందరూ తమ వెన్న వెనక్కి తీసుకున్నారని చెప్పను, ఉన్నది చెప్పాలి గదా. ఇద్దరు తీసుకున్నారు. మిగతావాళ్ళ కోసమే ఈ కాగితం.

"ఈ యెన్నేం జేస్తావు?" అని దారిలో అడిగాను.

"తినేది గాదు, అమ్మేది గాదు. బండి ఇరుసుకు పూస్తాం లే" అంది.

ఎండ నెత్తికెక్కింది. ఆకుల కట్టు వదులై వెన్న కరిగి, కుండ అంచు దాటి, ఆమె చెవి పక్కగా మెడ మీదికి కారింది. తుడవబోతే చేయి అడ్డం పెట్టింది. చుక్కలు దారి పొడవునా దుమ్ములో పడుతున్నాయి. సంత నుంచి రెండు కుక్కలు వాటిని నాకడానికి మా వెంటపడ్డాయి. ఊరి మలుపు దాకా ఆ కుక్కలను కట్టెతో అదిలిస్తూ, ఒక్క చుక్కా నాకనివ్వకుండా, కోడలి వెనక నడిచాను.

ఇది నా నోటి మాట. అయ్యవారు రెండుసార్లు చదివి వినిపించారు, ఒప్పుకున్నాను.

మునెమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

పక్కన కూర్చుని విన్న సాక్షులు: కోడలు చెంగమ్మ, వేలిముద్ర. పక్కింటి గంగులప్ప, వేలిముద్ర. రాసినవాడు, బడి అయ్యవారు రామచంద్రప్ప, సంతకం.