కోదాడ తమ్ముడి బీరు

నేను బీరు తాగను. అయినా ఒక బీరు వెంట నాలాగా ఊళ్లు పట్టుకుని తిరిగిన ఆడమనిషి మా జిల్లాలో ఇంకొకరు ఉంటారనుకోను.

మా ఆయనకు సూర్యాపేటలో విత్తనాల దుకాణం. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఓసారి హైదరాబాద్ నుంచి వచ్చిన విత్తనాల కంపెనీ మనిషి మా ఆయన్ని సిటీకి ఈ చివర, విజయవాడ రోడ్డు మీదే కొత్తగా పెట్టిన చిన్న బ్రూవరీకి తీసుకెళ్లాడు. బీరు అక్కడే కాచి, అక్కడే పోస్తారు. సీసాల్లో అమ్మరు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"గోధుమలతోని జేసిండంట. వాసన సూస్తే అరటిపండు! పండు ముక్క గూడ ఎయ్యలేదంట. నువ్వొకసారి రావాలె."

"నేనెందుకు? నేను తాగుతనా?"

"తాగకు. బండి నడుపు."

తాగితే స్టీరింగ్ ముట్టుకోడు, అంతవరకు మంచి మనిషి. అలా నలభై దాటాక, ఆదివారాలు ఖాళీగా ఉండే మార్కెట్ యార్డులో నేను కారు నేర్చుకున్నాను. పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి అక్కడికి చేరడం, పొద్దుగూకేలోపు ఇల్లు పట్టుకోవడం. బడిలో అడిగితే హైదరాబాద్‌లో చుట్టాలున్నారని చెప్పేదాన్ని.

అది పూర్తిగా అబద్ధమూ కాదు. మేం మొదటిసారి కలిసి వెళ్లిన రోజు, రబ్బరు బూట్లు వేసుకున్న ఓ ముప్పై ఏళ్ల అబ్బాయి మా మాటలు విని మా బల్ల దగ్గర ఆగాడు.

"మీది సూర్యాపేటాండి?"

"అవును. మీదేడ?"

"మాది కోదాడండి. ఇక్కడ బీరు కాచేది నేనే."

"అయితే మా తమ్ముడివే," అన్నాను. ఏదో మాటకు అన్నదే. కానీ అప్పట్నుంచి నేను అక్కను, మా ఆయన బావగారు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "బామ్మర్ది దుకాణంల తాగితే ఎవరేమంటరు?" అని రెండో గ్లాసు తెప్పించుకున్నాడు.

నేను బండి నడపాలి కాబట్టి తమ్ముడు నాకో బుల్లి గ్లాసులో అడుగున కొంచెం పోసి, "తాగొద్దక్కా, వాసన చూసి చెప్పండి చాలు," అన్నాడు. నా ముక్కు గట్టిది. పక్కింట్లో పాలు పొంగినా ముందు నాకే తెలుస్తుంది. నోటికొచ్చింది చెప్పాను: "వానకు తడిసి మళ్ల ఎండిన గడ్డివాము." అతను పనివాళ్లను పిలిచి ఆ మాట నాతో ఇంకోసారి చెప్పించాడు.

తర్వాత కొత్త బీరు తయారైనప్పుడల్లా ఫోన్ వచ్చేది. వానాకాలంలో మాడిన బెల్లం పాకంలా వాసనొచ్చే నల్ల బీరు, ఎండాకాలంలో మామిడిది. ఒకసారి మా ఆయన మిర్యాలగూడలో తెలిసిన మిల్లు నుంచి నూకల బస్తా తెచ్చి కారులో వేశాడు. తమ్ముడు ఆ నూకలతో పల్చటి, తేలికైన బీరు కాచి, బోర్డు మీద సుద్దతో తెలుగులో 'మిర్యాలగూడ' అని రాశాడు. మా ఆయన ఆ బోర్డు ఫొటో తీసుకుని, విత్తనాలకొచ్చిన రైతులందరికీ చూపించాడు.

ఆ బీరు రెండోసారి కాచినప్పుడు వెళ్లాం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే నిలవున్న వెన్న వాసన గుప్పుమంది. మా ఆయన తలొంచుకుని తాగుతున్నాడు.

"ఎట్లుంది?"

"మంచిగనే ఉంది," అన్నాడు, నావైపు చూడకుండా. పెళ్లిలో వంట కుదరకపోతే చుట్టాలు అనేమాట అది.

తమ్ముణ్ణి పిలిచి చెప్పాను. అతను గ్లాసు పైకెత్తి చాలాసేపు వాసన చూశాడు. రాని లిపి చదవబోతున్న పిల్లల మొహం నాకు తెలుసు. అతని మొహం అలాగే ఉంది.

"లేదే అక్కా, బాగానే ఉంది," అని నవ్వాడు. పక్క బల్ల దగ్గరివాళ్లు సగం గ్లాసులు వదిలేసి లేచిపోయారు.

దారిలో నాకు మనసు బాగోలేదు. "నేను ఊకుంటే అయిపోతుండె," అన్నాను.

"చెప్పకుంటెట్ల? బయటోళ్లెవరు చెప్తరు? మళ్ల రారు, గంతే," అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మేం చేస్తే స్విచ్ ఆఫ్. ఓ ఆదివారం వెళ్లి చూస్తే, తమ్ముడు ఊరెళ్లాడని, ఎప్పుడొస్తాడో తెలియదని, ట్యాంకుల్లో ఉన్నది అయిపోతే మూసేయొచ్చని అక్కడి మేనేజర్ చెప్పాడు.

కోదాడలో విత్తనాల వ్యాపారులంతా మా ఆయనకు తెలిసినవాళ్లే. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసిన వాళ్లమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, తనూ వచ్చి కూర్చుని మాటల్లో పడింది. తమ్ముడు వంటగది గుమ్మం పక్కనే కుర్చీలో ఉన్నాడు. కాసేపటికి పప్పు మాడుతున్న వాసన నాకొచ్చింది. అతని వెనకే స్టవ్వు. అయినా కదల్లేదు. నేనే లేచి పరుగెత్తి స్టవ్ ఆర్పాను. నా వెనకే వచ్చిన ఆమె గిన్నె దించుకుంది.

తిరిగొచ్చి అడిగాను. "నీకు వాసన తెలుస్తలేదా తమ్ముడూ?"

తల దించుకున్నాడు. "జ్వరం వచ్చి తగ్గిందక్కా. ఒకరోజు స్నానం చేస్తుంటే సబ్బు వాసన రాలేదు. అదే వస్తుందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియనివాడు కాచిన బీరు ఎవరు తాగుతారు?"

వాళ్లమ్మ మాడిన గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఇదంతా విన్నది. గిన్నె కింద పెట్టి, వచ్చి కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

"డాక్టర్ ఏమన్నడు?" అని మా ఆయన అడిగాడు.

"లవంగాలు, నిమ్మతొక్క, కాఫీపొడి... రోజూ వాసన చూస్తుండమన్నారు బావగారూ. నెలలు పడుతుందట, రాకపోవచ్చు కూడా. పిచ్చిపని అనిపించి మానేశాను."

"రేపటిసంది మళ్ల మొదలువెట్టు. గాడ బీరు వాసన సంగతి మీ అక్క సూస్కుంటది."

నేను ఉలిక్కిపడ్డాను. పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పుకునేదాన్ని, బీరు ట్యాంకుల సంగతి నాకేం తెలుసు? కానీ వాళ్లమ్మ నావైపు చూసింది. కాదనలేకపోయాను.

తమ్ముడు తిరిగి సిటీకి వెళ్లాడు. వెన్న వాసనొచ్చిన బీరంతా మోరీలోకి వదిలేశాడు. మా ఆయన అది చూడలేక బయటికెళ్లి నిలబడ్డాడు. ఆ తర్వాత ఆదివారాలు నాకు ట్యాంకుల దగ్గరే గడిచాయి. తమ్ముడు కుళాయి తిప్పి కొంచెం పట్టి ఇచ్చేవాడు, నేను నాకు తోచింది చెప్పేదాన్ని, అతను దాన్ని తన భాషలోకి మార్చుకునేవాడు. కాస్త వెన్న వాసన ఉందంటే, "ఇంకొన్ని రోజులు వెచ్చగా ఉంచుదామక్కా, బీరును పులియబెట్టే ఈస్టే దాన్ని తినేస్తుంది," అనేవాడు. నిజంగానే పోయేది. వాళ్లమ్మ చిన్న స్టీలు డబ్బాల్లో లవంగాలు, ఇంగువ, కాఫీపొడి సర్ది పంపింది. పొద్దున్నే ఫోన్ చేసి అడిగేది. "ఏమీ లేదమ్మా," అనేవాడు.

వరికోతల రోజుల్లో ఓసారి అతన్ని కోదాడలో దింపడానికి బయల్దేరాం. మునగాల దగ్గర ధాబాలో టీకి ఆగాం. గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లినవాడు చటుక్కున ఆపాడు.

"అక్కా, ఏదో కాలుతోంది కదూ? రబ్బరు?"

నేను చుట్టూ చూశాను. ఏదీ కాలడం లేదు. నా గ్లాసులో అల్లం వాసన తప్ప ఏమీ లేదు. మళ్లీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వాసన అతని టీలోంచే వస్తోంది. పోయిన వాసన ఇట్లా వంకరగా తిరిగొచ్చిందా అని నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అతను మాత్రం లేచి నిలబడ్డాడు.

"రబ్బరైతే రబ్బరక్కా! ఏదో ఒకటి వచ్చింది!"

ఆ టీ మొత్తం తాగాడు. ఇంకోటి చెప్పాడు. అక్కడే నిలబడి వాళ్లమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, టీ కంపు కొడుతోంది!" అని అరిచాడు. లారీ డ్రైవర్లు తిరిగి చూశారు.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. అన్నీ రాలేదు. మామిడి వాసన అతనికింకా తెలియదు. జరిగిందంతా ఇప్పుడు పనివాళ్లకూ తెలుసు. ఏ బీరైనా ఇద్దరు పనివాళ్లతో కలిపి నలుగురం వాసన చూశాకే బోర్డెక్కుతుంది.

ఈమధ్య కొత్త ట్యాంకు దగ్గర మా ఇద్దరికీ గొడవైంది. తమ్ముడు మజ్జిగ వాసనొస్తోందన్నాడు. నాకు రవ్వంత కూడా రాలేదు. మిగతా ఇద్దరూ బాగుందన్నారు.

"మంచిగుంది తమ్ముడూ, బోర్డు మీద రాయి."

"లేదక్కా. నాకు తెలుస్తోంది," అని సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

మా ఆయన్ని అడిగితే, ఇంకో గ్లాసు తాగితేగాని చెప్పలేనన్నాడు.

వారం తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. ట్యాంకు మొత్తం పులిసిపోయిందట. పాడైపోయిన బీరు గురించి అంత సంతోషంగా మాట్లాడిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.