మూడు పేర్ల పత్రికకు ఒకే కార్డు

పత్రిక పేరు మారితే కేటలాగులో కొత్త కార్డు రాయాలి. గ్రంథాలయ శాస్త్రం చదివేటప్పుడు నాకు మొదట్లోనే నేర్పిన సంగతి ఇది. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. కదిరి శాఖా గ్రంథాలయంలో పనికి చేరాక మాత్రం ఆ నియమం మీద నాకు ఒళ్లు మండింది.

కారణం ఒక చిన్న పత్రిక. ఊళ్లోనే, పెళ్లి కార్డులు అచ్చువేసే ప్రెస్సులో పుట్టింది. మొదట పక్షపత్రిక, పేరులోనే వేరుశనగ ఉండేది. ఏటేటా పంట ఎండిపోతుంటే ఆ పేరు చూసి రైతులే నవ్వారట. అప్పుడు పేరు మార్చి మాసపత్రిక చేశారు. వేరుశనగ పోయి సేద్యం వచ్చింది. తర్వాత చదివేవాళ్లలో చాలామంది బెంగళూరుకు కట్టడాల పనికి పోయారు. పేరులోంచి సేద్యం కూడా పోయింది, పత్రిక మూడు నెలలకొకసారి రాసాగింది. సంపాదకుడు మాత్రం ఆయనే. ప్రెస్సూ అదే, నాయకులకు పెట్టే చీవాట్లూ అవే.

కార్డుల్లో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దాని వెంటే ఇంకొకటి: చోటు చాలడం లేదు కాబట్టి, ఆగిపోయిన పత్రికల పాత సంచికలు తీసి చిత్తు కాగితాల వ్యాపారికి వేసేయాలి. తనిఖీకి వచ్చిన అధికారి మా డ్రాయరు తెరిచి, మూడు పేర్లకు మూడు కార్డులు చూశారు. రెండు పత్రికలు ఆగిపోయాయి, ఒకటి నడుస్తోంది అని అక్కడికక్కడే తేల్చేశారు. మొదటి రెండు పేర్ల కట్టలు తీసేయమన్నారు.

మా దగ్గర ఒక అలవాటుంది. ఏడాది సంచికలన్నీ పేర్చి, అట్టలు వేసి, దబ్బనంతో పురికొస కుట్టి పెడతాం. నాకు ముందు పనిచేసినాయన పేరు మారినప్పుడల్లా నియమం ప్రకారం కొత్త కార్డు రాశాడు గానీ, కుట్టు మాత్రం ఆపలేదు. చదివేవాళ్లు 'మన పేపరు' అని అడిగేవారే తప్ప పేరు పెట్టి ఎవరూ అడగలేదు మరి. అందుకని ఒక కట్టలో సగం ఆగిపోయిన పేరు, సగం నడుస్తున్న పేరు. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దారం కోసి మొదటి సగం తీసేద్దామని బ్లేడు అడిగారు. మా దగ్గర బ్లేడు లేదన్నాను. సొరుగులో ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు.

ఆ కట్టల్లో ఎవరి బతుకు ఉందో నాకు తెలుసు. తనకల్లు దగ్గరి పల్లె నుంచి బస్సెక్కి ఒక అవ్వ వస్తుంటుంది. జీవితమంతా కూలిపని చేసిన మనిషి. నడివయసులో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకోవడమే ఆలస్యం, ఆ పత్రికకు రాయడం మొదలుపెట్టింది. కలుపు తీసేటప్పుడు గట్టు మీద నిలబడి అరిచేవాళ్ల గురించి, కరువులో వండుకున్న ఆకుల గురించి, నీళ్ల ట్యాంకరు దగ్గర ఎవరిని వెనక్కి నెట్టారో దాని గురించి. ఇంట్లో దాచుకున్న ప్రతులను చెదలు తిన్నాయి. ప్రెస్సులోనూ లేవు. ఆమె రాసినవి ఇక మా గదిలో తప్ప ఎక్కడా లేవు. వచ్చినప్పుడల్లా ఒక కట్ట తీయించుకుని, వేలు పెట్టి పైకి చదువుకుంటుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

కట్టలు నన్నే తీసేయమని చెప్పి అధికారి వెళ్లాక మూడు కార్డులూ తీసేసి ఒకటే రాశాను. పైన ఇప్పటి పేరు, కింద పాత పేర్లు రెండూ. కంప్యూటర్లో కూడా అంతే: ఒకే పత్రిక, నడుస్తోంది. ఆయనకు తెలిసి ఫోన్ చేసి నియమం చదివి వినిపించారు. నాకూ వచ్చు సార్ అన్నాను. నా సర్వీసు రిజిస్టరులో పెళ్లికి ముందొక ఇంటిపేరు, తర్వాతొక ఇంటిపేరు ఉన్నాయి, నన్ను ఇద్దరిగా ఎవరూ లెక్కపెట్టలేదు, మొదటి ఆమెను కాగితాల వ్యాపారికి వేయలేదు అని కూడా అన్నాను. ఆయన నియమం సంగతి వదిలేశారు.

"సరేమ్మా, అన్నీ ఒకటే అంటాండారు గదా. రేపు ఆ పత్రిక నిలిచిపోతే అన్నీ ఒకేసారి పోతాయి. యోచన చేసుకోండి."

ఆ మాట గట్టిగానే తగిలింది. మూడింటినీ ఒకటి చేసి, అన్ని కట్టలనూ ఒకే దారానికి వేలాడదీశాను. భయమేసింది. అయినా కార్డు మార్చలేదు.

ఆయన నోటి మహిమో ఏమో, తర్వాతి సంచిక రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు. ప్రెస్సుకు పోయాను. సంపాదకుడికి షుగరుతో చూపు మందగించింది. పెళ్లి కార్డుల అక్షరాలే కనపడటం లేదు, ఇక తన వల్ల కాదన్నాడు. మళ్లీ తనిఖీ దగ్గర పడుతోంది. అవ్వకు దాచకుండా చెప్పాను: కార్డు ఒకటే చేశాను కాబట్టి, పత్రిక ఆగితే ఇప్పుడు మొత్తం కట్టలకూ ఎసరేనని. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. నా దగ్గర నాలుగు తెల్ల కాగితాలు అడిగి తీసుకుని, కొంగులో చుట్టుకుని బస్సెక్కింది.

తనిఖీనాటికి సంచిక వచ్చింది, అవ్వే పోయి ఆ ప్రెస్సులో అచ్చువేయించింది. ఒక కాగితం మడత పెడితే నాలుగు పేజీలు. పైన పత్రిక పేరు, కింద సంపాదకుడి పేరు, మధ్యలో అంతా అవ్వ రాసిందే. ఈ ఏడు వాన ఎట్లా మోసం చేసిందో, పంటల బీమా కోసం ఎన్ని గడపలు తొక్కారో రాసింది. చదివి, మళ్లీ మొదటినుంచి చదివాను.

అధికారి దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నారు. ఇదేం పత్రిక, ఎన్నాళ్లకొకటి వస్తుంది అన్నారు. నేను కార్డు తీసి, ఎన్నాళ్లకొకటో రాసే గడిలో 'అప్పుడప్పుడు' అని రాసి ఆయన ముందు పెట్టాను. అట్లా రాయడానికి నియమాల్లోనే వీలుంది. కావాలంటే చదివి వినిపిస్తానన్నాను.

"అప్పుడప్పుడంటే, ఎప్పటిదాకా?" అన్నారాయన.

బల్ల చివర కూర్చుని చదువుకుంటున్న అవ్వ తలెత్తి నన్ను చూపించింది.

"నేను బతికుండేదాకా సార్. ఆపైన ఈ పాప రాస్తాది. ఎప్పుడో మాట్లాడుకున్యాము."

అట్లాంటి మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. అధికారి నా వైపు తిరిగారు. ఔను సార్ అన్నాను.