సాలు మధ్యలో నడుము ఎత్తిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు, నన్ను చూసి మీలో కొందరు అప్పుడే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, ఎందుకంటే అందరూ చాపల మీద కూర్చుంటే నేను కుర్చీ వేయించుకుని సాక్ష్యం చెబుతున్నాను. మూడేళ్ళ కిందట ఇదే మైకు పట్టుకుని, నా నడుము నొప్పిని దేవుడు ఒక్క ప్రార్థనతో తీసేశాడని చెప్పిన సుగుణమ్మను నేనే. మీరంతా చప్పట్లు కొట్టారు, హల్లెలూయ అన్నారు. ఆ మరుసటి ఉదయమే నొప్పి తిరిగి వచ్చింది! మూడేళ్ళపాటు ఆ సంగతి నా అంతట నేను మీలో ఒక్కరికీ చెప్పలేదు.

అసలు మొదటినుంచీ చెబుతాను. ఆ ఏడు ఎండిన వేరుశనగ కట్టె నింపిన ట్రాక్టరు మీద నుంచి జారి నడుము నేలకు తగిలేలా పడ్డాను, నెలరోజులు మంచంలోనే ఉన్నాను, తరువాత స్కానింగ్ తీసి డాక్టరు గారు ఎముక అతికింది, ఇప్పుడేమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేదా! నాకు దిక్కు తోచలేదు. లోపల నిప్పు పెట్టినట్టు మండుతుంటే ఏమీ లేదంటే, నేనేమైనా నాటకమాడుతున్నానా? మా ఆయన దానియేలు మంచివాడే, కానీ ఆయన కూడా ఒకరోజు విసుక్కుని, "ఏమీ లేదని ఫిల్ములో కనపడతాండాది కదా, మళ్ళీ ఎందుకు మూలుగుతాండావు?" అన్నాడు. ఆ మాటకు ఏడ్చినంతగా నేను ట్రాక్టరు మీద నుంచి పడ్డప్పుడు కూడా ఏడవలేదు.

అప్పుడు ఉపవాస కూడికలో పాస్టరు అయ్యగారు నా తల మీద చేయి ఉంచి ప్రార్థించారు, ఒళ్ళంతా తేలికైంది, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను, అది నిజం, అందులో అబద్ధం లేదు. ఆ సంతోషంలోనే పరుగెత్తుకొచ్చి సాక్ష్యం చెప్పాను. తెల్లారి నీళ్ళ బిందె ఎత్తబోతే కొడవలి దిగినట్టయింది! అలాగే బిందె పక్కన కూలబడిపోయాను. నొప్పికంటే ముందు నాకు వచ్చిన భయం ఏమిటో తెలుసా, మీరు కొట్టిన చప్పట్లు! నొప్పి తిరిగి వచ్చిందంటే నా విశ్వాసం చాలలేదంటారు, దేవుని నామానికే చెడ్డపేరు తెచ్చానంటారు. నోరు మూసుకున్నాను.

కలుపు కూలికి పోయే ఆడవాళ్ళకు మా రివాజు తెలిసిందే, అందరూ ఒకేసారి తలా ఒక సాలు, అంటే పైరు వరుస, పట్టాలి, సాలు ముగిసి గట్టు చేరేదాకా ఎవరూ నడుము ఎత్తకూడదు, ఎత్తితే సాయంత్రందాకా ఎగతాళే. మా గుంపు మేస్త్రి లచ్చిమక్క మన సంఘం మనిషి కాదు, అయినా నా సాక్ష్యం ఊరంతా పాకింది కదా, ఆమె నవ్వుతూ, "సుగుణా, నీకేమమ్మా, దేవుడు బాగుచేసిన నడుము! ముందు సాలు నువ్వే పట్టు" అనేది. నేను పట్టేదాన్ని! పళ్ళు బిగబట్టి అందరికంటే ముందు గట్టు చేరేదాన్ని, మరి దేవుని పరువు నా నడుము మీద ఉందాయె, ఆ తరువాత మూడు రోజులు జ్వరమని అబద్ధం చెప్పి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. లేచాక మళ్ళీ ముందు సాలు, మళ్ళీ మంచం. ఉరవకొండ మందుల షాపులో నొప్పి మాత్రలు కొని ఎవరికీ కనపడకుండా బైబిలు సంచిలో దాచుకున్నాను. "తండ్రీ, బాగన్నా చెయ్, లేకపోతే తీసుకునన్నా పో" అని ప్రార్థించిన రోజులున్నాయి. నా నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక ఆదివారం మోకాళ్ళ ప్రార్థన నుంచి లేవబోయి ఇదిగో ఇక్కడే పడిపోయాను, సంచి జారి మాత్రలన్నీ పాస్టరు అమ్మగారి కాళ్ళ ముందు చెల్లాచెదురయ్యాయి. మీరు ఎండదెబ్బ అనుకున్నారు. అమ్మగారు గబగబా మాత్రలు ఏరి కొంగులో కట్టుకున్నారు, మా ఇంటికి వచ్చాక మాత్రం, "ఎన్నాళ్ళ నుంచి సుగుణా?" అని అడిగారు. తిడతారనుకున్న మనిషి నా పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చారు.

సహోదరులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. కంగారు పడకండి, నొప్పి వచ్చి కాదు, రాకముందే లేచి నిలబడుతున్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

అమ్మగారు నన్ను అనంతపురంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. మాత్రలు ఎలా తగ్గించాలో డాక్టరు చెప్పాడు, వ్యాయామాలు నేర్పించారు, ఆ తరువాత థెరపీ అని ఒక కౌన్సిలర్ మేడం గదికి పంపించారు. మనసు డాక్టరని తెలిసేసరికి నాకు ఒళ్ళు మండింది, అంటే నాకు పిచ్చనా? "నాకు నొప్పి ఉండేది నడుములో, తలకాయలో కాదు" అని ముఖానే అన్నాను. మేడం తనకల్లు వైపు మనిషి, మన యాసే, నవ్వింది. "నీ నొప్పి నిజమేనమ్మా. దొంగ పోయినాక కూడా కుక్క మొరుగుతానే ఉండాది, అంతే. దాన్ని కొడితే ఊరుకోదు, భయం తీరితే ఊరుకుంటాది" అంది. నా నొప్పి నిజమని చెప్పిన మొదటి డాక్టరమ్మ ఆమే! ఆ కుర్చీలోనే వెక్కి వెక్కి ఏడ్చాను. నొప్పి ఎప్పుడు ఎక్కువవుతుందో అడిగితే ముందు సాలు సంగతి, చప్పట్ల సంగతి, మాత్రల సంగతి అన్నీ కక్కేశాను.

అంతా విని ఆమె చెప్పిన మందు వింటే మీరు కూడా అదిరిపోతారు. "సాలు మధ్యలో లెయ్. నొప్పి వచ్చినాక కాదు, రాకముందే" అంది. సాలు మధ్యలోనా! అది సోమరితనం కాదా, పాపం కాదా అనుకుంటూ అమ్మగారిని అడిగాను. "యేసయ్య కూడా అలిసిపోయి బావి దగ్గర కూర్చున్నాడు కదా సుగుణా, ఆయన సోమరా?" అన్నారు.

నెలల తరబడి వారం వారం బస్సెక్కి పోయాను. నొప్పి లేచినప్పుడల్లా "ఇది దేవుని శిక్ష" అని నాలో నేను అనుకునే మాటను పట్టుకోవడం మేడం నేర్పించింది, ఊపిరి నిదానంగా విడవడం నేర్పించింది, మొదట కుళాయిదాకా, తరువాత బడిదాకా, ఆ తరువాత బస్టాండుదాకా నడిపించింది. మా ఆయనను కూడా ఒకసారి పిలిచి మాట్లాడింది, ఆరోజు బస్సులో ఆయన, "తప్పు మాట అన్నానే సుగుణా" అన్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు, ఈరోజు కూడా ఉంది, ఈసారి మీకు అబద్ధం చెప్పను. కానీ చచ్చిపోవాలన్న ఆశ పోయింది, భయం పోయింది, రాత్రిళ్ళు నిద్ర వచ్చింది, దేవునికే మహిమ!

పోయిన నెల మళ్ళీ కలుపుకు పోయాను. సాలు సగం కాగానే, "ప్రభువా, ఎగతాళి చేస్తే తట్టుకునే బలమియ్యి" అని లోపలే ప్రార్థించి నడుము ఎత్తి నిలబడ్డాను. మా గుంపు పన్నెండు మంది, అందరూ ఆగిపోయారు! లచ్చిమక్క కొడవలి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏమైంది, దేవుడు బాగుచేసినాడంటివి కదా?" అంది. "నొప్పి ఆ మరుసటి రోజే వచ్చిందక్కా, సిగ్గుపడి దాచుకున్నా" అన్నాను.

ఆమె తిట్టలేదు. కొడవలి కింద పెట్టి తన నడుము మీద చేయి వేసుకుంది. "నాకు ఆరేండ్ల నుంచి నొస్తాంది సుగుణా. నీకు దేవుడు బాగుచేసినాడు, నన్ను ఏ దేవుడూ చూడలేదు అనుకుని ఎవురికీ చెప్పుకోలా" అంది. దిమ్మ తిరిగిపోయింది నాకు! నేను దేవుని పరువు కాపాడుతున్నాననుకున్నాను, కాపాడలేదు, ఒక మనిషి నోరు మూసేశాను. అంతలో ఒక్కొక్కరే నడుము ఎత్తారు, మొత్తం పన్నెండు మందిమీ సాలు మధ్యలో నిలబడిపోయాం, సగం మంది కళ్ళలో నీళ్ళు.

సహోదరులారా, దేవుడు నా నొప్పిని తీసేయలేదు, నా అబద్ధాన్ని తీసేశాడు, ఆసుపత్రి దారి చూపించాడు, ఆయనకు స్తోత్రం. మీలో ఎవరైనా నాలాగే దాచుకుంటుంటే, ప్రార్థన మానకండి, వైద్యానికి సిగ్గుపడకండి, ఆయనను నమ్మి నోరు తెరవండి.

లచ్చిమక్క నిన్న నన్ను అడిగింది: "మీ గుడిలో నొప్పి ఉండాదని చెప్పుకోవచ్చా?" ఆమె వచ్చింది, వెనక నేను వేయించిన ఇంకో కుర్చీలో కూర్చుని ఉంది. ఆ జవాబు నేను చెప్పను, మీరే చెప్పండి.