బావ కోసం మార్చిన స్ప్రింగులు

మొన్న సోమవారం పొద్దున బావను డయాలసిస్‌కు తీసుకెళ్దామని కారు తాళం పట్టుకుని చెప్పులేసుకుంటుంటే అక్క ఫోన్ చేసింది. "బండి తీయకు తమ్మీ. మీ బావ లేడు," అంది. నిద్రలోనే పోయాడట. నేను చెప్పులు విప్పి, మళ్ళీ వేసుకుని, ఏం చేయాలో తెలియక మెట్ల మీదే కూలబడిపోయాను. ఎంతసేపటికో మా పక్కింటాయన వచ్చి లేపాడు.

మా బావ ఎల్‌బీ నగర్‌లో కార్ల సస్పెన్షన్ పని చేసేవాడు. ఇంజిను జోలికి పోడు, రంగుల జోలికి పోడు. షాకబ్జార్బర్లు, స్ప్రింగులు, అంతే. ఇరవై ఏళ్ళుగా అదే రేకుల షెడ్డు. మీలో ఎవరైనా అటు బండి తీసుకెళ్ళి ఉంటే ఆయన పోసిన టీ తాగే ఉంటారు, ఆయన చేత నాలుగు చివాట్లు కూడా తినే ఉంటారు.

ఈమధ్య కుర్రాళ్ళకు కాయిలోవర్ల పిచ్చి పట్టింది కదా. స్ప్రింగూ, దాని ఊపును ఆపే డంపరూ ఒకే సెట్టుగా వస్తాయి. మర తిప్పి కారు ఎత్తు తగ్గించుకోవచ్చు, గుండీ తిప్పి డంపర్ బిగువు మార్చుకోవచ్చు. ఎవరొచ్చి అడిగినా బావ ముందు బండిని చూసేవాడు కాదు. "ముందుగాల మీ ఇంటి తొవ్వ చూపియ్యి," అంటూ పక్క సీట్లో ఎక్కి కూర్చునేవాడు. వాళ్ళ ఇంటిదాకా పోయి, దారిలో స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, గేటు ముందు ర్యాంపు అన్నీ చూసుకుని బస్సులో తిరిగొచ్చేవాడు. ఒకసారి నాదర్‌గుల్ అతనొకడు రేసు ట్రాక్ మీద వాడే గట్టి సెట్టే కావాలని పట్టుబట్టాడు. "నువ్వు ట్రాక్ మీద ఏడాదికి రెండు రోజులుంటవ్. గా ర్యాంపు మీద రోజుకు రెండుసార్లు బండి పొట్ట గీకుతది. మీ అమ్మ గిదే బండ్ల గుడికి పోతదంటివి. ఎవరి కోసం కొంటున్నవ్ చెప్పు?" అన్నాడు బావ. అతను మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. బేరం పోయినందుకు ఈయనకేం దిగుల్లేదు. "బండి కంపెనోళ్ళు చేసిన్రు, రోడ్డు సర్కారు చేసింది. తన్నులు తినేది లోపల కూసున్నోడు," అని నవ్వి పానా అందుకున్నాడు.

అట్లాంటి మనిషికి బామ్మర్దిని నేను. మరి నేనేం చేశానో తెలుసా? ఆయనకు ఒక్క మాట చెప్పకుండా, ఫోన్లో వీడియోలు చూసి, రేసులవాళ్ళు వాడే గట్టి స్ప్రింగుల సెట్టు తెప్పించి, ఇంకెక్కడో బిగించుకున్నాను. చెబితే నా ఇంటి తొవ్వ కూడా అడుగుతాడని, వద్దంటాడని. చెన్నై దగ్గరి ట్రాక్ మీద రెండు రోజులు తిప్పాను. మలుపుల్లో కారు గచ్చుకు అతికించినట్టు పోయింది. అబద్ధమెందుకు, ఆ రెండు రోజులూ నా కాళ్ళు నేల మీద లేవు. తిరిగొచ్చాక బావ కారును చూసి ఒక్కటే మాటన్నాడు. "కారు కొన్నవా, ఇస్తిరి పెట్టె కొన్నవా ర బామ్మర్ది?"

తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లో డయాలసిస్. నేను తీసుకెళ్తానని అక్కకు మాటిచ్చాను. కారెక్కగానే ఆయన కిటికీ పైన పిడి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. నిద్రేమో అనుకున్నాను. ఓ రోజు ఉండబట్టలేక, "ఎట్లుంది బావ బండి?" అని అడిగాను. "రోడ్డును మంచిగ పట్టుకుంటున్నది," అన్నాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో, తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మూడు వారాలయ్యాక, "ఇగ నేను మెట్రోల పోతలే. మూడే స్టేషన్లు. నీకెందుకు పరేషాన్," అన్నాడు. నాకు చుర్రుమంది. తన దగ్గర కొనలేదన్న అలక ఇంకా పోలేదనుకున్నాను. సర్లే, ఎన్నాళ్ళుంటాడో చూద్దామని పది రోజులు ఫోన్ కూడా చేయలేదు. రోగంతో తీసుకుంటున్న మనిషి మీద నాకు పంతం! చివరికి అక్కే మా ఇంటికొచ్చి కడిగేసింది.

"అలక గాదు, ఏం గాదు. నీ బండ్ల ఒక్కో గుంతకు ఆయన పానం పోయినంత పనైతున్నది. సూదులు గుచ్చిన చెయ్యి అదిరితే కండ్లల్ల నీళ్ళొస్తున్నయ్. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. మోజుపడి కొనుక్కున్నడు, వాని సంబురం మనమెందుకు చెడగొట్టాలె అంటడు. మెట్రోల నిలవడి వస్తుండు తమ్మీ, ఎరికేనా నీకు?"

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఆదివారమే కారు తీసుకుని షెడ్డుకు పోయాను. బావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. క్షమించమని అడగడం మా ఇద్దరి మధ్య ఎన్నడూ లేదు. "గుండీ మొత్తం మెత్తగ తిప్పిన బావ, అయినా కొడుతున్నది," అన్నాను.

"గుండీ తిప్పితే స్ప్రింగు మెత్తగైతదా ర? దాని సంగతి వేరు, దీని సంగతి వేరు. గా మూలకున్న నీలం స్ప్రింగులు పట్రా," అన్నాడు.

నా కారు కొలతకు సరిపోయే మెత్తని స్ప్రింగులు. నేను ఇస్తిరి పెట్టె మాట పడిన వారంలోనే తెప్పించి పెట్టాడట, ఎప్పటికైనా వస్తాననే. ఆయన బరువు ఎత్తకూడదు కాబట్టి, ఆయన చెబుతుంటే నేనే విప్పాను, నేనే బిగించాను. కారును రెండు వేళ్ళ ఎత్తు పైకి లేపి, గుండీలు ఆయన చెప్పినన్ని చుట్లు తిప్పాను. ఆయన లేచి వచ్చి, మంచి చేత్తో బానెట్ మూల అదిమి వదిలాడు. కారు కిందికి దిగి, పైకి లేచి, ఇక ఊగకుండా నిలబడింది.

"పాత స్ప్రింగులు పారెయ్యకు. ట్రాక్‌కు పోయినప్పుడు మల్ల ఎక్కిచ్చుకో," అన్నాడు. ఎక్కు బావ, ఓ చక్కర్ కొడదామన్నాను. "ఇయ్యాల చాతనైతలేదు ర. రేపు పొద్దుగాల ఎట్లాగూ ఎక్కుత గద, అప్పుడు చెప్త ఎట్లున్నదో," అన్నాడు.

ఆ తెల్లవారే పోయాడు. నన్ను ఒక్క మాట అనకుండా భరించిన మనిషి, ఆ ఒక్క మాటా చెప్పకుండానే పోయాడు.

అస్థికలు కృష్ణలో కలపడానికి నా కారులోనే సాగర్ రోడ్డు పట్టాం. ముందు సీట్లో బావ తమ్ముడు, వెనక అక్క. కింద పెట్టొద్దన్నారని కుండను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఊరు దాటేదాకా రోడ్డంతా తవ్వి పోశారు. గుంత వచ్చినప్పుడల్లా అద్దంలో వెనక్కి చూస్తున్నాను. కుండ మూతికి కట్టిన తెల్లగుడ్డ కొంచెం కూడా అదరడం లేదు. వెనక బండ్లవాళ్ళు విసుక్కుని హారన్లు కొడుతున్నారు.

"ఇగ జర జోరుగ పోనియ్యి తమ్మీ. ఇప్పుడాయనకు నొప్పి లేదు," అంది అక్క.

సరే అక్కా అన్నాను. ముందు ఇంకో గుంత కనబడింది. మెల్లగా బ్రేకు తొక్కాను.