చిన్నమ్మ పాసవ్వాలనుకున్న కంటి పరీక్ష

ఆ రోజుల్లో నాకు డిగ్రీ కొత్త, నోరు పాతది. ఎవరితోనైనా వాదించి గెలవొచ్చనుకునేదాన్ని. ఇప్పుడూ అనుకుంటాను గానీ, గెలిచినా కొన్ని మారవని తెలిసింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మా చిన్నమ్మకు కీళ్లవాతం, అంటే ఒంటిని కాయాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. ఏళ్ల తరబడి మింగిన గోళీలతో వేళ్ల వాపు తగ్గి మళ్లీ మగ్గమెక్కింది. అవి కొందరికి కంటి వెనక పొరను దెబ్బతీస్తాయని, ఏటా పరీక్ష చేయించుకోమని డాక్టరు చెబితే, “కండ్లు మంచిగనే ఉన్నయి, ఫికర్ లేదు” అనేది. (అప్పటికే నల్లచార వేయాల్సిన చోట ముదురెరుపు నేసి, తప్పు బల్బు మీదికి నెట్టింది.)

చివరికి నేనే దవాఖానకు లాక్కెళ్లాను. గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టి, వెలుగు చుక్క కనబడ్డప్పుడల్లా మీట నొక్కాలి. చిన్నమ్మ టకటకా నొక్కేస్తుంటే నేను గర్వంగా చూస్తున్నాను. పరీక్ష చేసే అమ్మాయి మొహం చిట్లించింది.

“పెద్దమ్మా, లైటు రాకముందే ఒత్తుతున్నవేంది?”

“వస్తది గదా బిడ్డా. జర అటో ఇటో.”

యంత్రం చప్పుడును పట్టుకుని, మగ్గం మీద పోగు కొట్టే లయలో నొక్కుతోందని అప్పుడర్థమైంది. అయినా ఊరుకుంటానా, మీ మిషనే ఆలస్యంగా వెలుగుతోందని వాదించాను.

“అక్కా, మిషన్‌తోని గూడ కొట్లాడ్తవా?” అందా అమ్మాయి.

మళ్లీ చేస్తామనగానే చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఫెయిలైతే గోళీలు బంద్ జేస్తరే. చేతి ఏళ్లు మళ్ల వంకరవోతయి. మగ్గం మీద ఎవలు కూసుంటరు, నువ్వా?”

చుక్క కనబడ్డాకే నొక్కమని, నేనే ఆమె తలను మళ్లీ గిన్నెలో పెట్టించాను.

రెండోసారి మెల్లగా, నిజంగా నొక్కింది. చూపు నడుమ ఉంగరంలా మచ్చ తేలింది. గోళీలు ఆపారు గానీ మచ్చ పోలేదు. వేరే మందుతో వేళ్లు కొంత నిలిచినా, రంగులు తెలియక ఆమే మగ్గం దిగింది. నా మొహం చూడాలంటే తల పక్కకు తిప్పేది. “నడుమ మాయమైతున్నవే. నోరొక్కటే యాడికీ వోలే.”

ఇప్పుడామె లేదు. ఆ జబ్బు నాకొచ్చింది, ఆ గోళీలే మింగుతున్నాను. ఏటా అలాంటి గిన్నెలోనే తల పెడతాను. మగ్గం ఎన్నడూ ఎక్కనిదాన్ని, అయినా వెలుగు రాకముందే బొటనవేలు లేవబోతుంది. ఆపుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.

“నవ్వొద్దు మేడం, తల కదులుతది” అంటాడు పరీక్ష చేసే అబ్బాయి.

ఎన్నడూ లేనిది, అతనితో వాదించను.